టైరుకూ ఓ పుట్టినతేదీ

శ్రావణమాసం, శుక్రవారం. పొయ్యిమీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. గేటు దగ్గర ఎవరో పిలిచినట్టయితే పేరంటానికి పిలవడానికి ఎవరైనా వచ్చారేమోననుకుని కొంగు సవరించుకుంటూ వెళ్ళాను. చూస్తే ఒక కుర్రాడు! వానకు తడిసి ముద్దయి, భుజానికి నల్లటి చక్రం ఒకటి తగిలించుకుని నిలబడ్డాడు. శ్రావణ శుక్రవారం నాడు లక్ష్మీదేవి కోసం ఎదురుచూస్తుంటే విష్ణుమూర్తి చక్రం మాత్రం వచ్చిందేమిటా అనుకున్నాను. ఫోనులో వచ్చిన నంబరు చెప్పమన్నాడు. కోడలు లోపలినుంచే కేకేసి చెప్పింది. చక్రాన్ని వరండాలో ఆనించి అతను వెళ్ళిపోయాడు. ఈలోగా పాలు పొంగిపోయాయి.

అది మా అబ్బాయి మోటారుసైకిలుకు వెనక టైరు. వాడు పరకాలలో మాస్టరు. పొద్దున్నే ఏడింటికి హనుమకొండలో బయలుదేరితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాడు. ఆ టైరు అరిగిపోయి నున్నగా తయారైందని రెణ్ణెల్లుగా ఇంట్లో అందరికీ తెలుసు. వాడికి తప్ప! వాన పడ్డ రోజు వాడు ఆలస్యమైతే నేనూ కోడలూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా గడియారం చూసేవాళ్ళం. చివరికి కోడలే పూనుకుంది. బ్యాంకులో లక్షల లెక్కలు చూసే పిల్ల. భోజనాల వేళ బయటికొచ్చి, వరంగల్ స్టేషను రోడ్డు వైపు ఒక టైర్ల దుకాణానికి వెళ్ళి ధర అడిగింది. ఆ షాపాయన అడిగిన దానికి జవాబు చెప్పకుండా, "సార్‌ను పంపియ్యుండ్రి మేడం, ఇవన్నీ మీకు సమజ్ కావు" అన్నాడట. మళ్ళీ అడిగితే రెండువేల వంద అన్నాడు. ఇంకోసారి అడిగితే పంతొమ్మిది వందల యాభైకి దిగాడు. మూడోసారి అడక్కుండా ఇంటికొచ్చి, రాత్రి కంచాలు కడిగాక ఫోనులో వేలు జరుపుతూ పదిహేడు వందల నలభైకి తెప్పించింది. ఫోను తనను ఆడా మగా అని అడగలేదు కదా అత్తమ్మా, అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ముప్ఫై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. ఏ వస్తువు ఇంట్లోకొచ్చినా దాని తాతముత్తాతల సంగతి తెలుసుకుంటేగాని నాకు నిద్రపట్టదు. మా ఆయన ఉన్నప్పుడు "నీకు పప్పు డబ్బా ఇస్తే మొహెంజొదారో దాకా వెళతావు" అని వేళాకోళం చేసేవారు. అంచేత ఆ టైరును వరండాలో పెట్టుకుని నేను ఎంత దూరం వెళ్ళానో కాస్త ఓపికగా వినండి.

ముందు ఇంటి సంగతి. మరునాడు మా వీధి చివర పంచర్లు వేసే అతను టైరు బిగించడానికి వచ్చాడు. చదువుకున్నది అయిదో తరగతి. టైరును ఒకసారి చుట్టూ తిప్పాడు, ఒకచోట బొటనవేలు ఆనించి ఆగాడు.

"అమ్మా, టైరు కొత్తదే. గనీ పాతది" అన్నాడు.

ఇదేం వేదాంతంరా నాయనా అనుకున్నాను. "గీ నాలుగు అంకెలు చూడుండ్రి" అని చూపించాడు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న గీత, అందులో నాలుగంకెలు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ముప్ఫై అయిదో వారం అంటే ఆగస్టు నెలాఖరు. లెక్కవేస్తే మా ఇంటికి రాకముందే ఆ టైరుకు మూడేళ్ళు నిండబోతున్నాయి. ఒక్క కిలోమీటరు కూడా తిరగని మూడేళ్ళు! ఏ గోదాములో, ఏ రేకుల కింద, ఎన్ని ఎండాకాలాలు గడిపిందో. మా వరంగల్ మే నెల ఎండలు మీకు తెలియనివి కావు.

మూడేళ్ళయితే ఏమయింది, బియ్యమైతే పాతవే మంచివి కదా అని నేనన్నాను. రబ్బరు అలా కాదట. ఎందుకు కాదో తెలియాలంటే ఒక వంటింట్లోకి వెళ్ళాలి, అదీ అమెరికాలో.

చార్లెస్ గుడ్‌ఇయర్ అని ఒకాయన. రబ్బరు పిచ్చి పట్టింది. ఆ రోజుల్లో రబ్బరు ఎండాకాలం జిగురులా కారిపోయేది, చలికాలం రాయిలా బిగుసుకుని విరిగిపోయేది. దాన్ని మాట వినేలా చెయ్యాలని ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. అప్పులపాలై జైలుకు వెళ్ళాడు. ఇంట్లో సామాను అమ్మాడు, చివరికి పిల్లల బడిపుస్తకాలు కూడా అమ్మాడంటారు. ఆ ఇల్లాలు ఎలా సంసారం నెట్టుకొచ్చిందో చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యమైనా కనబడదు. 1839లో గంధకం కలిపిన రబ్బరు ముద్ద ఒకటి వేడి పొయ్యిమీద పడిందనీ, అది కరిగి కారిపోకుండా తోలులా గట్టిపడిందనీ కథ. పొరపాటున పడిందంటారు. ఏళ్ళ తరబడి పొయ్యి చుట్టూ తిరిగినవాడికి అది పొరపాటెలా అవుతుంది లెండి. 1844లో పేటెంటు దొరికింది, డబ్బు మాత్రం దొరకలేదు. 1860లో ఆయన పోయేనాటికి కొండంత అప్పు మిగిలింది. ఇప్పుడు టైర్ల మీద కనబడే ఆయన పేరు 1898లో వేరెవరో కంపెనీ పెట్టి, గౌరవార్థం పెట్టుకున్నది. ఆ కుటుంబానికి అందులో పైసా వాటా లేదు.

గంధకం రబ్బరులోని పోగుల్ని ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అందుకే సాగినా మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. కాని గాలి, వేడి, ఎండ ఆ ముడుల మీద మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి. అలమరలో పెట్టిన రబ్బరు బ్యాండు కొన్నాళ్ళకు సాగదీస్తే పుటుక్కుమనడం మనందరం చూసిందే. అదే సంగతి. టైరు రబ్బరులో దీన్ని ఆపడానికి మందులు, మైనం కలుపుతారు గనుక అంత తొందరగా చెడదు. చీకటిగా, చల్లగా దాచితే కొన్నేళ్ళు నిలవున్నా భయం లేదని కంపెనీలవాళ్ళు అంటారు. మా పంచర్ల అతను మాత్రం ఒప్పుకోడు. "గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డును పట్టదమ్మా, జారుతది" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. చీకటిగా చల్లగా దాచారో లేదో చెప్పేవాడు ఎవరన్నదే నా ప్రశ్న.

టైరులో గాలి నింపాలన్న ఆలోచన స్కాట్లండుకు చెందిన రాబర్ట్ థామ్సన్‌ది. 1845లో, ఇరవై మూడేళ్ళ వయసులో, గుర్రబ్బండి చక్రాలకు గాలి తొడుగు వేసి పేటెంటు తీసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. నలభై ఏళ్ళ తరవాత బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళ బాటమీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి, బట్ట చుట్టి చక్రానికి తొడిగాడు. 1888లో పేటెంటు వచ్చింది, రెండేళ్ళకే పాత థామ్సన్ పేటెంటు బయటపడి ఇది చెల్లకుండా పోయింది. అయినా పేరు ఆయనదే నిలిచింది. కొడుకు నడుం నొప్పి చూడలేక ఒక తండ్రి చేసిన పని ఇది. మా ఇంట్లో ఆ పని కోడలు చెయ్యాల్సి వచ్చింది.

మన దేశంలో డన్‌లప్ కంపెనీ బెంగాల్లో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో 1936లో టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో మామ్మెన్ మాప్పిళ్ళై ఆటబుడగలు చేయడంతో మొదలుపెట్టిన చిన్న షెడ్డే తరవాత ఎమ్మారెఫ్ అయింది. బుడగలు ఊదుకునే పిల్లలు పెద్దవాళ్ళయి వాళ్ళ టైర్లమీదే తిరిగారన్నమాట. ఇవాళ వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి మన సదాశివపేటలో ఉంది. చిత్తూరు వైపు చిన్నపాండూరులో అపోలో వాళ్ళది 2020లో మొదలైంది. ఇంత దగ్గర్లో టైర్లు తయారవుతుంటే మా ఇంటికి మూడేళ్ళ ముసలిది రావడమేమిటని నా గునుపు.

ఇక దూరాన్నుంచి తెప్పించుకోవడమనే సంగతి. పిల్లలు ఇదేదో తాము కనిపెట్టినట్టు మాట్లాడతారు. మన తరంవాళ్ళకు వి.పి.పి. గుర్తులేదూ? 1877లో మన తపాలా శాఖ మొదలుపెట్టిన ఏర్పాటు అది. అమ్మేవాడు పోస్టులో వస్తువు పంపుతాడు, పోస్టుమాను మన గుమ్మంలో డబ్బు పుచ్చుకుని వస్తువిస్తాడు, ఆ డబ్బు తపాలా శాఖ అమ్మినవాడికి చేరుస్తుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు. తెలుగునాట ఇంటింటికీ పుస్తకం చేరిందంటే సగం పుణ్యం ఈ వి.పి.పి.దే. మద్రాసునుంచి, బెజవాడనుంచి మా అత్తగారు పురాణాలు తెప్పించుకునేవారు. ఒక్కసారి కూడా పేజీ తక్కువ రాలేదు.

నేను తెప్పించుకున్నదే అలా రాలేదు. అప్పటికి కొత్తగా కాపరానికొచ్చాను. వారపత్రిక చివరి పేజీలో ఊలు అల్లే మిషను బొమ్మ వేశారు. బొమ్మలో ఒకావిడ దాని ముందు కూర్చుని నవ్వుతోంది. మిషను ఆవిడ ఒళ్ళో పట్టనంత ఉంది. పోపు డబ్బాలో దాచిన ముప్ఫై ఎనిమిది రూపాయలు పోస్టుమాను చేతిలో పెట్టాను. విప్పి చూసి తీసుకుంటానంటే, "ముందు పైకం, తర్వాతే విప్పుడు అమ్మా, రూలు" అన్నాడు. నిజమే, రూలు అదే. విప్పితే లోపల దువ్వెనకు అన్నలాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి, నాలుగు మేకులు, హిందీలో ఒక కాగితం. పోస్టుమాను ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. నా మొహం చూసి, "నేనేం జేతునమ్మా, సంతకం తీస్కునే వరకే నా డ్యూటీ" అని సైకిలెక్కాడు. ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. మా ఆయనకు చెప్పలేదు. ఆ ముక్క చాలా ఏళ్ళు నా ట్రంకు పెట్టె అడుగున ఉండేది.

ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీ ఆ వి.పి.పి.కి మనవడే. 2007లో బెంగుళూరులో మొదలైన ఫ్లిప్‌కార్టు 2010లో ఈ పద్ధతి తెచ్చింది. 2013లో అమెజాన్ వచ్చింది. మొదట్లో పుస్తకాలు, తరవాత ఫోన్లు, చీరలు, ఇప్పుడు టైర్లు.

పోస్టులో టైర్లు అమ్మడం కూడా కొత్త కాదు. షికాగోలో సియర్స్ అనే కంపెనీ కేటలాగులు అచ్చువేసి, పల్లెల్లోని రైతులకు సూది దగ్గర్నుంచి నాగలి దాకా పోస్టులో పంపేది. ఊళ్ళోని దుకాణదారులకు ఒళ్ళు మండి, కొన్నిచోట్ల ఆ కేటలాగులు పోగుచేసి తగలబెట్టించారు. ఈ కంపెనీ 1926లో ఆల్‌స్టేట్ అనే పేరుతో టైర్లు అమ్మడం మొదలుపెట్టింది. ఎంత బాగా అమ్ముడయ్యాయంటే 1931లో పెట్టిన ఇన్సూరెన్సు కంపెనీకి కూడా టైరు పేరే పెట్టారు. తమాషా ఏమంటే, కార్లు, టైర్లు వచ్చాక రైతులు కేటలాగు చూడ్డం తగ్గించి బండెక్కి పట్నం దుకాణాలకు వెళ్ళడం మొదలుపెట్టారు. పోస్టు వ్యాపారంతో దుకాణాలను హడలగొట్టిన ఆ కంపెనీయే 1925 నుంచి తానూ దుకాణాలు తెరవాల్సొచ్చింది. టైరు మనిషిని కదిలిస్తుంది మరి. కదిలినవాడు వెళ్ళి వస్తువును కళ్ళతో చూద్దామనుకుంటాడు.

అంత దూరమెందుకు, మన ఓరుగల్లు సంగతే చూడండి. కాకతీయుల శాసనాల్లో స్వదేశి బేహారులు, పరదేశి బేహారులు అని రెండు మాటలు కనబడతాయి. ఊళ్ళో వర్తకులు, పైనుంచి వచ్చే వర్తకులు. ఇప్పటి మట్టెవాడ ఆనాటి అంగళ్ళ చోటు. క్రీడాభిరామంలో మంచనశర్మ అనే ఆయన స్నేహితుడు టిట్టిభసెట్టితో కలిసి ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతాడు కదా, ఆ వీధుల్లో ఉన్న సందడి చూస్తే ఏ వస్తువు ఏ ఊరినుంచి వచ్చిందోనని అనిపిస్తుంది. ఈ పరదేశి బేహారులకు ఒక పెద్ద భయముండేది. సముద్రంలో తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా ఆ తీరం రాజు లాక్కునేవాడు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. ఇకమీద అలా లాక్కోము, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాము, భయపడకండి అని. దాన్నే అభయశాసనమంటారు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలకు అక్కడికొచ్చిన మార్కోపోలో, సాలెగూడులాంటి మన నూలుబట్టలు చూసి ఏ రాణి అయినా కట్టుకుంటుందని మెచ్చుకుపోయాడు. రుద్రమదేవి పాలన గురించీ రాశాడు.

క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు ఓడల బొమ్మలు వేసేవారు. నేను మాత్రం ఒకటే అనుకునేదాన్ని. ఆ శాసనం అమ్మేవాడికి అభయమిచ్చింది. కొనే ఆడదానికి ఎవరిస్తారు?

అలాగని ఊళ్ళో దుకాణమంటే పుణ్యక్షేత్రమని నేననను. మా ఆయన దగ్గర రాజ్‌దూత్ ఉండేది. ఆ రోజుల్లో స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళూ పూళ్ళూ ఎదురుచూడాలి గనుక, దొరికిందే మహాప్రసాదమని అది కొన్నారు. టైరు కావాలంటే షాపువాడు రాజు. "స్టాకు లేదు" అనేవాడు, ఎక్కువిస్తే లోపల్నుంచి వచ్చేది. 1983లో వరంగల్‌లోనే ఒక దుకాణంలో, ఎన్నో ఏళ్ళుగా తెలిసినాయన దగ్గరే, వెనక టైరు వేయించారు. టీ కూడా తెప్పించి ఇచ్చాడట. నాలుగు నెలలకే పక్కలు బీటలు వారాయి. కాజీపేట దర్గా దగ్గర మలుపులో వాన చినుకులకు బండి జారింది. మోకాలి చిప్ప పగిలి ఆరువారాలు మంచంలో ఉన్నారు. కాలు కాస్త బాగయ్యాక కుంటుకుంటూ వెళ్ళి అడిగితే ఆ పెద్దమనిషి, "ఎండల పెట్టింటరు సార్" అన్నాడు. ఆ టైరు ఎంత పాతదో మాకెవరికీ తెలీదు, చూడాలనీ తెలీదు. మా ఆయన మళ్ళీ టైరు అక్కడే కొన్నారు! ఏమంటే, తెలిసినవాడు, అప్పిస్తాడు, పిల్లల ఫీజుల నెలలో ఆగుతాడు. ఆ ఆగడం విలువ ఎంతో ఇల్లు గడుపుకున్న నాకు తెలుసు. అందుకే నేనూ మారుమాట్లాడలేదు. వానాకాలం వస్తే ఆయన ఆ కాలు నొప్పి అనేవారు, చివరి వరకూ.

ఈ కథ చెప్పాక కోడలు కాసేపు మాట్లాడలేదు. తరవాత టైరును వరండా మధ్యకు దొర్లించుకొచ్చి, "మిగతావి కూడా చదువుదాం అత్తమ్మా" అంది. పంచర్ల అతను గురువు, మేమిద్దరం శిష్యులం. మీరూ మీ ఇంట్లో బండి దగ్గర కూర్చుని చూడొచ్చు, పది నిమిషాల పని.

2.75-18 అని ఉంటే టైరు వెడల్పు రెండుముప్పాతిక అంగుళాలు, లోపలి చక్రం పద్దెనిమిది అంగుళాలు. కొత్త పద్ధతిలో 80/100-18 అని వేస్తారు. ఎనభై మిల్లీమీటర్ల వెడల్పు, ఎత్తు అందులో నూటికి నూరు పాళ్ళు, చివరిది మళ్ళీ అంగుళాలు. ఇంగ్లండు కొలతా, ఫ్రాన్సు కొలతా ఒకే టైరుమీద కాపరం చేస్తున్నాయి. పక్కన 52 అనో ఇంకోటో అంకె ఉంటే అది మొయ్యగల బరువుకు గుర్తు, 52 అంటే రెండువందల కిలోలు. దాని వెనక అక్షరం వేగానికి గుర్తు, పి అంటే గంటకు నూటయాభై కిలోమీటర్లు. మా అబ్బాయికి ఇది చెప్పొద్దని కోడలితో అన్నాను. బాణం గుర్తుంటే టైరు ఆ దిక్కుగానే తిరగాలి, తిరగేసి బిగించకూడదు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. 2009 నాటి ఉత్తర్వుతో అది తప్పనిసరి చేశారు. గాడుల మధ్యన చిన్న చిన్న గట్లు ఉంటాయి, పక్కన టి.డబ్ల్యు.ఐ. అని రాసి ఉంటుంది. అరిగి అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు ఆయుర్దాయం తీరినట్టు. మా అబ్బాయి పాత టైరు మీద ఆ గట్లు వెతికితే గట్లూ లేవు, గాడులూ లేవు.

ఇవన్నీ ఫోనులో కొన్నచోట రాసి ఉన్నాయి. ఒక్క పుట్టినతేదీ తప్ప. అబద్ధం చెప్పారనడానికి లేదు, అసలు చెప్పలేదంతే. మందుసీసా మీద, బిస్కట్ల పొట్లం మీద తేదీ చూడనిదే కొనని మనం, మనిషి ప్రాణం మోసేదాని మీద చూడం.

ఈసారి మాత్రం నేను ఉత్తరం రాసి ఊరుకోదల్చుకోలేదు. చట్టాల సంగతి కాస్త తెలుసు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. కాని దాని ప్రకారం కేసు వెయ్యాలంటే అమ్మినవాడు ఉన్నచోటికో, వ్యవహారం జరిగిన చోటికో పోవాలి. నా ఊలు మిషను కోసం ఢిల్లీ ఎవరు పోతారు? 2019లో కొత్త చట్టం చేశారు, 2020 జులై నుంచి అమలులోకొచ్చింది. ఇప్పుడు కొన్నవాళ్ళు తాము కాపరముండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. అదే నెలలో ఆన్‌లైను అమ్మకాలకు వేరే నియమాలూ వచ్చాయి. అమ్మేవాడి పేరూ చిరునామా చూపాలి, ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాలి, 48 గంటల్లో అందిందని చెప్పి నెలలోగా తేల్చాలి. మోటుపల్లి శాసనం కొనేవాళ్ళకోసం మళ్ళీ వేయించడానికి ఏడువందల డెబ్భై ఆరేళ్ళు పట్టిందన్నమాట.

కేసుదాకా పోలేదు లెండి. కోడలు ఆ నాలుగంకెల్ని ఫొటో తీసి పంపింది. ముందు ఒక మర యంత్రం మాట్లాడింది, తరవాత మనిషి మాట్లాడాడు. మూడోనాటికి వెనక్కు తీసుకుంటామన్నారు. టీ ఇవ్వలేదు, ఎండలో పెట్టారా అనీ అనలేదు.

ఆదివారంనాడు ఒక పూట తెరిచే దుకాణం ఒకటి ఉందని పంచర్ల అతనే చెప్పాడు. నేనూ కోడలూ ఆటోలో వెళ్ళాం. షాపులో ఉన్నది పాతికేళ్ళ పిల్లవాడు, తండ్రి గల్లాపెట్టె దగ్గర. "సార్ రాలేదా?" అని పెద్దాయన మామూలుగానే మొదలుపెట్టాడు. కోడలు ఆ మాట విననట్టే, "2.75-18 కావాలి. ఆర్నెల్లలోపుది చూపించండి" అంది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. పిల్లవాడు బయట వేలాడుతున్న దాంట్లోంచి ఒకటి తీయబోయి, ఆగి, లోపలికి పోయి వేరేది తెచ్చాడు. మేమిద్దరం వంగి అంకెలు చదివాం. రెండున్నర నెలలది.

"మేడం టీచరా?" అన్నాడు పెద్దాయన.

"ఈమె బ్యాంకు. టీచర్ను నేను" అన్నాను.

పద్ధెనిమిది వందల డెబ్భై. బిగించే కూలి అందులోనే. సబ్బునీళ్ళు రాసి, ఇనుప పట్టీలతో అంచు దాటించి, ట్యూబుకు పౌడరు చల్లి, పసుపు చుక్కను గాలి ముక్కు దగ్గరికి తెచ్చి బిగిస్తారట. ఆ చుక్క దగ్గర టైరు తేలిక, ముక్కు దగ్గర చక్రం బరువు, రెండూ సరిపోవాలని. సాయంత్రం అబ్బాయి బండి తీసుకెళ్తే అంతా ఆ పిల్లవాడే చేశాడు. గాలి ఎంత ఉండాలో చీటీ మీద రాసిచ్చాడు, నెలకోసారి వస్తే ఊరికే చూస్తానన్నాడు. బిల్లు మీద టైరు నంబరు కూడా రాయమని కోడలు అడిగిపించుకుంది. ఫోనులో కొన్న ధరకూ దీనికీ తేడా నూట ముప్ఫై. పంచర్ల అతను బిగించినా నూటయాభై అడిగేవాడు. కోడలు లెక్కవేసి ఏమీ అనలేదు. అయితే ఆ మొదటి దుకాణం వైపు మాత్రం ఇక పోనంది, నేనూ పొమ్మనలేదు.

పాత కొత్త టైరును తీసుకెళ్ళడానికి మంగళవారం మధ్యాహ్నం మనిషి వచ్చాడు. తెచ్చిన కుర్రాడే. వాన అప్పుడే వెలిసింది. టైరుకు కాగితం చుట్టి, ఫొటో తీసి, మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు. ఈ వారంలో నాకు అబ్బిన కొత్త అలవాటు చొప్పున అతని బండి వెనక టైరు వైపు చూశాను. మా అబ్బాయి పాతదే నయం. లోపలి దారం పోగులు తెల్లగా కనబడుతున్నాయి.

"బాబూ, నీ టైరు చూసుకున్నావా?" అన్నాను.

"ఎరుకే అమ్మా. అచ్చే నెల ఏపిస్త. గిప్పుడు పండుగల సీజను, బండి ఆపితే ఆ రోజు పైసలు పోతయి" అన్నాడు.

"రోజుకెన్ని ఇళ్ళు తిరుగుతావు?"

"ఎన్నుంటె అన్ని" అని నవ్వాడు. మంచినీళ్ళు ఇస్తే గటగటా తాగి గ్లాసు గోడమీద పెట్టాడు. మా పంచర్ల అతని దగ్గర రోజుకింత కట్టుకునేలా మాట్లాడి పెడతాను, సాయంత్రం ఒకసారి రమ్మన్నాను. సరేనన్నాడు. బండి వీధి మలుపు తిరిగింది. తడిమట్టిలో ముందు చక్రం గీతలో గాడులు కనబడుతున్నాయి, వెనక చక్రం గీత మాత్రం అట్లకాడతో నున్నగా రాసినట్టుంది.

సాయంత్రం రాలేదు. బుధవారం కూడా చూశాను.